కుంటని కాలు

మా ఆయన కిష్టప్పకు మనుషుల మొహాలు గుర్తుండవు. నడక చూస్తే మాత్రం ఫలానా వాడని చెప్పేస్తాడు. సొంత చెల్లెలి మామ బంట్వారంలో ఎదురుపడి పలకరిస్తే, ఆయన మాట్లాడటం ముగించి వెనక్కి తిరిగి నడిచేదాకా ఎవరో తెలుసుకోలేకపోయిన ఘనుడు. పుట్టింది మొదలు గొర్రెల వెనక తిరిగినవాడికి కాళ్ళు కాక ఇంకేం కనిపిస్తాయి అని నేను ఎగతాళి చేస్తుండేదాన్ని. ఇప్పుడు ఆ ఎగతాళి నోటికి రావడం లేదు.

మేం కురుమలం. మందలో ఏ గొర్రెకు బాగాలేదో దాని నడకను బట్టే ఆయన పట్టేస్తాడు. పొద్దున దొడ్డి తడిక తీసి పక్కన నిలబడతాడు. గొర్రెలు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే మొహాల వైపు చూడనైనా చూడడు, కాళ్ళనే చూస్తాడు. కుంటినదాన్ని పక్కకు లాగి, గిట్ట విప్పి, కత్తితో గీకి, మైలతుత్తం అద్ది వదులుతాడు. కుంటకుండా పోయినదాని జోలికి పోడు. ఎక్కడ ఏ మందకు గిట్టల పుండ్లు వచ్చినా ఆయన్నే బండి ఎక్కించుకుని తీసుకుపోతారు. కుంటడం లేదంటే కాలు బాగున్నట్టే అన్న ఆయన లెక్క ఏ గొర్రె దగ్గరా తప్పలేదు.

ఆయనకు షుగర్ ఉందని తెలిసి చాలా ఏళ్ళయింది. గోళీలు గుర్తొచ్చిన రోజు వేసుకునేవాడు, గుర్తు చేసిన రోజు నా మీద విసుక్కునేవాడు. మొన్న వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం మా కుక్క నల్లోడు ఆయన విడిచిన చెప్పును పట్టుకుని నాకుతూ కూర్చున్నాడు. ఎంత అదిలించినా వదల్లేదు. లాక్కుని చూస్తే లోపలంతా తడి. వేలు పెడితే నెత్తురు. అడుగు నుంచి ఒక మేకు చెప్పును పొడుచుకుని పైకి వచ్చి ఉంది. ఆ మేకు మీదే ఆయన పొద్దంతా నడిచాడు.

"గిదేందయ్యా, మేకు దిగుతుంటె తెల్వలేదా?"

ఆయన కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో కాలు చూసినట్టు చూశాడు. బొటనవేలి కింద ఎర్రటి గుంట. దాని చుట్టూ వేలితో నొక్కుకున్నాడు.

"నొస్తలేదే," అన్నాడు. నేను నమ్మలేదని లేచి వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. "సూడు. కుంటుతున్ననా?"

కుంటడం లేదు. పెళ్ళికొడుకులా నడుస్తున్నాడు.

తరవాత గొర్రెకు చేసినట్టే తనకూ చేసుకున్నాడు. అంచులు గీకి మైలతుత్తం అద్దాడు. మంట పెట్టే మందు అది, గొర్రెలు అరిచి గింజుకుంటాయి. ఈయన అద్దుకుంటూ నాతో వానల సంగతి మాట్లాడుతున్నాడు. అది చూసినప్పుడైనా నాకు భయం వేయాలి. మొండి మనిషి, ఓర్చుకుంటున్నాడు అనుకున్నాను. కొన్నాళ్ళకు ఇంట్లో వాసన మొదలైంది. మా కొడుకు గణేశ్ తాండూరులో బండలు పాలిష్ పట్టే మిషన్ దగ్గర పనిచేస్తాడు. వాడు వచ్చి, తండ్రి తిట్టిన తిట్లన్నీ వింటూనే బండి ఎక్కించి తాండూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ ఒక సన్నటి నూలు పోగులాంటిది తీసి ఆయన అరికాలికి అక్కడా ఇక్కడా తాకించింది. తాకినప్పుడు చెప్పమంది. ఆయన కళ్ళు మూసుకుని, ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఆమె అప్పటికే మొత్తం తాకించేసింది.

"షుగర్‌తోని ఈయన పాదంల నరాలు మొద్దుబారినయమ్మా," అంది నాతో. "నొప్పి లేదని మీరు ధైర్యంగ ఉన్నరు. నొప్పి లేకపోవుడే జబ్బు. పుండు మానాలంటే ఈ కాలు కింద పెట్టొద్దు. మందు ఒకెత్తు, నడవకుండ ఉండుడు ఒకెత్తు. నడిస్తే లోపల ఎముకకు పడతది. అప్పుడు కాలు తీసేసుడే."

మోకాలి కింది దాకా సిమెంటు పట్టీ వేసింది. వారం వారం వచ్చి మార్పించుకోమంది. ఆయన పైకప్పు వైపు చూస్తూ అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"మరి గొర్లు?"

"గొర్లను నేను తోల్కపోత," అన్నాను.

మాలో ఆడవాళ్ళు గొర్రెల వెంట పోరు. ఉన్ని వడికేవాళ్ళం, ఇప్పుడు అది కూడా పోయి కూలికి పోతున్నాం. దొడ్డి ఊడవడం, గొర్రెపిల్లలకు పాలు పట్టించడం మా పని. మంద మాత్రం మగవాడి వెంటే కదులుతుంది. నేను కర్ర పట్టుకుని బయటికి వస్తే ఊళ్ళో మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. నాకు మా ఆయన కాలు కావాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

మొదటి రోజు గొర్రెలు నన్ను మనిషిగానే లెక్కచేయలేదు. గుట్ట ఎక్కమంటే కింద చేలల్లోకి దిగాయి. నేను కుడికి ఉరికితే ఎడమకు పోయాయి. సుధాకర్ పటేల్ కందిచేలో పడి మొక్కలన్నీ కొరికాయి. ఆయన గట్టు మీద నిలబడి మా ఇంటి పేరు ఎత్తి తిట్టాడు. మాట పడటం నాకు అలవాటు లేదు. పొద్దు గూకే వేళకు మందను ఎట్లాగో దొడ్డికి చేర్చి, మంచం పక్కన కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

మా ఆయన గొంగడి కప్పుకుని కూర్చుని నా వైపే చూస్తూ ఉన్నాడు. కాసేపటికి, "రేపట్నించి గొర్లు నీ మాట ఇంటయి తియ్యి," అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"మందకు కొత్త మనిషి అలవాటు కావాలె గదా. జర ఓపిక పట్టు."

ఆయన అన్నట్టే జరిగింది. మర్నాడు గొర్రెలు మళ్ళీ చేల వైపు మళ్ళబోయాయి. నేను గుట్ట దారి మొదట్లో వాటికి ఎదురుగా నిలబడి కర్ర ఎత్తి గట్టిగా అదిలించాను. ఒక్కసారిగా అన్నీ తలలెత్తి నా వైపు చూశాయి. గంట కట్టిన ముసలి గొర్రె ముందు కదిలింది, మిగతావి దాని వెంట వచ్చేశాయి. ఆ తరవాత ప్రతిరోజూ అంతే. దారి తప్పబోతాయి, నేను ఎదురు నిలబడి కర్ర ఎత్తుతాను, తలలెత్తి నా వైపు చూస్తాయి, వచ్చేస్తాయి. నల్లోడు మాత్రం మధ్యాహ్నం పూట ఎటో పోయి తోక ఊపుకుంటూ తిరిగొచ్చేవాడు. కుక్కకు సవాలక్ష పనులుంటాయని పట్టించుకోలేదు.

ఆ రోజుల్లో నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. పక్కింటి రుక్కమ్మ దగ్గర కూర్చుని, గొర్రెలు ఎట్లా నా మొహంలోకి చూస్తాయో, ఎట్లా మాట వింటాయో రోజుకోసారి చెప్పేదాన్ని. ఆమె విని, "మంచిదే అక్కా," అని చేట వైపు తల దించుకునేది. కుళ్ళుకుంటోంది అనుకున్నాను.

ఇంకొక్కటి కూడా చెప్పాలి. ఒకరోజు గుట్ట దిగుతుంటే ఎడమ మడమలో తుమ్మముల్లు విరిగింది. లాగితే రాలేదు. అట్లాగే కుంటుకుంటూ ఇల్లు చేరాను. వాకిలి దాటగానే చూస్తే ఆయన దీపం దగ్గర పెట్టుకుని, సూదీ వేపనూనె పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎడమ కాలు ఇటు పెట్టు," అన్నాడు.

"నీకెవరు చెప్పిండ్రు?"

"నడక సప్పుడు ఇంటె తెలుస్తది."

నా మడమ ఒళ్ళో పెట్టుకుని, ముల్లు చుట్టూ మెల్లగా నొక్కి, నొప్పి తెలియకుండా తీశాడు. నూనె రాశాడు. అంతవరకు నా కాలు ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు, మాలో మగవాడు ఆడదాని కాలు పట్టుకోడు. ఆ రాత్రంతా నాకు లోపల దీపం పెట్టినట్టే ఉంది. ఇన్నేళ్ళు కాపురం చేసినా ఆయన నన్ను ఇంత గమనిస్తాడని నాకు తెలియదు.

అన్నీ బాగానే ఉన్నాయి, పుండు తప్ప. వారం వారం పోతున్నాం, డాక్టరమ్మ పట్టీ కోసి చూస్తోంది, కొత్తది వేస్తోంది. పట్టీ అడుగు చూస్తే అప్పుడే వేసినంత శుభ్రంగా ఉంటుంది. లోపల పుండు మాత్రం మానడం లేదు, ఒక్కోసారి ఇంకాస్త లోతైనట్టు ఉంటుంది. ఒకరోజు ఆమె పని ఆపి నన్ను సూటిగా అడిగింది.

"నిజం చెప్పమ్మా. ఈయన నడుస్తున్నడా?"

నాకు కోపం నెత్తికెక్కింది. "నడుసుడా? పొద్దున మంచం మీద ఉంచి పోత, పొద్దుగూకినంక మంచం మీదనే ఉంటడు. ఈయన కోసమే కదమ్మా నేను గుట్టలెక్కుతున్న. మా బీరప్ప దేవుని మీద ఒట్టు, మా ఆయన కాలు కింద పెట్టలే. మీ మందుల మీ పట్టీలల్లనే ఏదో తక్కువ ఉన్నది."

ఆసుపత్రిలో అందరూ తిరిగి చూశారు. పక్క బల్ల మీద కూర్చున్న, కర్ణాటక చించోళి నుంచి వచ్చిన ఆవిడ కన్నడంలో ఏదో గొణిగింది. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది కానీ మాట తూలలేదు. "సరే, మందు మారుస్త," అంది. మా ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. నా ఒట్టు విన్నాడు, నా కొట్లాట విన్నాడు, గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. పాపం, నొచ్చుకున్నాడు అనుకున్నాను.

వానలు వెనకబడి గడ్డి ఎండటం మొదలైన వారంలో ఆయనకు చలిజ్వరం వచ్చింది. వేళ్ళు ఉబ్బి పట్టీ లోంచి నల్లగా కనిపించాయి. గణేశ్‌ను పిలిపించి, ఆటో మాట్లాడి, నేను మందను దొడ్డిలోకి తోలి, ఉన్నపళంగా చీర కూడా మార్చుకోకుండా తాండూరు తీసుకుపోయాం.

డాక్టరమ్మ పట్టీ కోసింది. ఆ వాసనకు గణేశ్ బయటికి పోయాడు. పుండు బొటనవేలి కింద నుంచి పాదం మధ్య దాకా పాకింది. ఆమె పుల్లతో తాకితే ఎముక తగిలింది. ఆమె పెదవి కొరుక్కుని, కోసిన పట్టీ లోపలి దూదిని విప్పుతూ ఆగిపోయింది. పై అంచు దగ్గర, దూదికీ పిక్కకూ మధ్య ఏవో సన్నటి గింజలు గుచ్చుకుని ఉన్నాయి. చిన్న పట్టకారుతో ఒకటి తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"ఇవేంటివి?"

నేను చెయ్యి చాపి తీసుకున్నాను. ఉత్తరేణి గింజలు. గుట్ట మెడ మీద నడుములోతు ఉత్తరేణి పెరుగుతుంది, ఆ వారమే ఎండి గింజ రాలుతోంది. దాంట్లో నుంచి నడిచిన ప్రతిదానికీ అంటుకుంటుంది. గొర్రెల ఉన్నికి, కుక్క తోకకు, మనిషి బట్టకు. నేను తల వంచి నా చీర అంచు చూసుకున్నాను. కుచ్చిళ్ళ నిండా అవే గింజలు.

మంచం మీద పడుకున్న మనిషికి ఉత్తరేణి ఎక్కడ అంటుకుంటుంది?

"నడిచినవా?" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఎప్పటిసంది?"

"నువ్వు ఏడ్సుకుంట వచ్చినవ్ సూడు," అన్నాడు మెల్లగా, "ఆ మర్నాటిసంది."

"రోజూనా?"

"నీ ఎనకాలనే. నీకు కనపడకుండ, అడ్డదారిన గుట్ట మెడ మీదికి ఎక్కుతుంటి. పట్టీ కింద టైరు ముక్క కట్టుకుంటి, మాసిపోకుండ."

అప్పుడు ఒక్కొక్కటే నాకు తెలిసొచ్చాయి. నల్లోడు ఎవరి దగ్గరికి పోయి తోక ఊపుతూ వచ్చేవాడో తెలిసింది. రుక్కమ్మ చేట వైపు ఎందుకు చూసేదో తెలిసింది. నా ఎడమ కాలు కుంటుతోందని ఆయనకు చప్పుడు చెప్పలేదు. గుట్ట దిగుతున్న నన్ను వెనక నుంచి చూశాడు. నాకంటే ముందు ఇల్లు చేరి దీపం, సూది పెట్టుకుని కూర్చున్నాడు. పుండు కాలితో అడ్డదారిన అంత వేగంగా నడిచొచ్చి నా ముల్లు తీశాడు. నేను దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోయాను.

డాక్టరమ్మ అంతా వింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేను ఆమె కాళ్ళ వైపు చూస్తూ, "మాఫ్ చెయ్యమ్మా, నాకు నిజంగ తెల్వదు," అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, వికారాబాద్ తీసుకుపొమ్మని, ఆలస్యం చేయొద్దని చెప్పింది.

వికారాబాద్ ఆసుపత్రిలో మోకాలి కింద తీసేయాలన్నారు. పాదం మాత్రమే తీస్తే విషం పైకి పాకుతుందట. ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు ఆయన మంచం కిటికీ పక్కన ఉంది. దూరంగా అనంతగిరి గుట్టలు పచ్చగా కనిపిస్తున్నాయి. ఆయన చాలాసేపు చూసి, "గా గుట్టల మీద మేత మస్తుంటది," అన్నాడు.

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది. విసరలేదు, కింద పెట్టాను.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె పోనిస్తుంటివా?"

"పోనియ్య."

"అందుకే. మంద ఆగమైతదని భయమైంది. నువ్వు ఏడ్చిందొకటి సూడలేకపోతి." దుప్పటి కింద ఉన్న కాలు వైపు చూసుకున్నాడు. "నొస్తె ఆగుదునే. ఒక్క దినం నొచ్చినా ఆగుతుంటి. రోజు సూసుకున్న, కుంటుతున్ననా అని. కుంటలే."

"నీ కాలు నిన్ను మోసం చేసింది, నాకర్థమైంది. నువ్వు నన్నెందుకు మోసం చేసినవ్? బీరప్ప మీద ఒట్టు పెడుతుంటె పక్కనే పండుకొని ఇన్నవ్ గదా. ఆపకపోతివి. నా నోటితోని అబద్ధం పలికిచ్చినవ్. నీ కాలు కోసం నేను తిరిగిన. నువ్వు నా ఎనకాల తిరిగి దాన్ని పోగొట్టుకున్నవ్."

ఆయన చెయ్యి నా వైపు చాపాడు. నేను పట్టుకోలేదు. లోపలికి తీసుకుపోయేదాకా పట్టుకోలేదు, తలుపు మూసుకున్నాక ఆ చెయ్యి పట్టుకోవాల్సింది అని ఏడ్చాను. అయినా కోపం పోలేదు. రెండూ ఒకేసారి ఉండగలవని నాకు అప్పుడే తెలిసింది.

మేం వికారాబాద్‌లో ఉన్నన్నాళ్ళు రుక్కమ్మ భర్త ఎల్లప్ప మా మందను తన మందతో కలిపి తోలుకుపోయాడు. ఇంటికి వచ్చాక రుక్కమ్మ గడప దగ్గర నిలబడి, "నీకు ఎర్కే అనుకున్న అక్కా. రోజు నీ ఎనకనే పోతుండె గద," అంది. ఊరందరికీ ఎరుకే. నా ఒక్కదానికే తెలియదు. కర్ర పట్టుకుని ముందు నడుస్తూ నేను మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు మా మందను మళ్ళీ నేనే తోలుకుపోయాను. ఆయన వాకిట్లో మంచం మీద, లుంగీ సగం ఖాళీగా వేలాడుతుంటే, దొడ్డి లోంచి బయటికి వస్తున్న గొర్రెల కాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

గుట్ట దగ్గరికి రాగానే గొర్రెలు ఎప్పటిలా చేల వైపు మళ్ళబోయాయి. నేను ఎప్పటిలా గుట్ట దారి మొదట్లో ఎదురు నిలబడి కర్ర ఎత్తాను. అదిలించాను. అన్నీ తలలెత్తి చూశాయి. నా మొహం వైపు కాదు. అప్పుడు సరిగ్గా చూశాను, అవి నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాయి. నేను తిరిగి చూశాను. గుట్ట మెడ మీద ఎండిన ఉత్తరేణి తప్ప ఎవరూ లేరు. గొర్రెలు చాలాసేపు అట్లాగే చూశాయి. గంట కట్టిన ముసలిది ఒక్కసారి అరిచింది. గొంగడి కప్పుకున్న మనిషి అక్కడ కనిపించలేదు. అన్నీ తలలు దించుకుని కందిచేలోకి దిగిపోయాయి.

ఆ రోజంతా వాటి వెనక ఉరికాను. మళ్ళీ తిట్లు తిన్నాను. ఒక్క గొర్రె కూడా నా మాట వినలేదు, ఎప్పుడూ వినలేదు. సాయంత్రం దిగేటప్పుడు కుడి మడమలో ముల్లు దిగింది. లోతుగానే దిగింది. ఇంటి మలుపు దాకా కుంటుకుంటూనే వచ్చాను.

మలుపు తిరిగేసరికి ఆయన కనిపించాడు. మంచం మీద కూర్చుని, నా నడక వైపే చూస్తున్నాడు. మందను దొడ్డిలోకి తోలి వాకిట్లోకి వచ్చేసరికి సూది, వేపనూనె పక్కన పెట్టుకుని ఉన్నాడు.

"గొర్లు నీ మాట ఇన్నయా?"

"ఇన్నయి," అన్నాను.

ఆయన తల ఊపాడు. మిగిలిన కాలి మోకాలి మీద గుడ్డ పరుచుకున్నాడు. "కుడి కాలుల ముల్లున్నది. ఇటు పెట్టు, తీస్త."

దీపం వెలుగులో ఆయన చేతులు చాపి ఉన్నాయి. నా మడమ లోపల ముల్లు సలుపుతోంది.

"నొస్తలేదు," అన్నాను.

ఆయన చూస్తుండగా, మడమ పూర్తిగా నేలకు ఆనించి, కుంటకుండా ఆయన ముందు నుంచి నడిచి లోపలికి పోయాను.